రెండు డబ్బాల ఇల్లు... ఇద్దరు కాపలాదారులు!

కడియపులంకలో రోడ్డు వెంబడి ఓ నర్సరీ. ముందు ఇల్లు, ఇంటి వెనక తోట, తోట చివర ఓ షెడ్డు. ఇలాంటి కుటుంబాన్ని ఒకదాన్ని ఊహించుకుందాం. తండ్రి హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళాకి మొక్కలు తీసుకెళ్లాడు. నాలుగైదు రోజులదాకా రాడు. ఏళ్ల తరబడి పెంచిన బోన్సాయ్ కుండీలు తోటలోనే ఉన్నాయి. అందుకని బయల్దేరేముందు షెడ్డులో నాలుగు కెమెరాలు, వాటి బొమ్మల్ని దాచే డీవీఆర్ పెట్టించాడు. ఎక్కడున్నా ఫోన్‌లో చూసుకోవచ్చని ఆశ.

మేళాలో కుండీలు దించగానే ఫోన్ తీశాడు. బొమ్మ రాలేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

''ఒరేయ్, కెమెరాలు ఆపేశారా?''

''లేదు నాన్నా. షెడ్డులో ఉన్నాను. నా ఫోన్‌లో చక్కగా కనబడుతోంది.''

అయిదు నిమిషాల తర్వాత కొడుకే మళ్లీ చేశాడు. ఈసారి గొంతులో అనుమానం. ''నాన్నా, ఇంట్లోకి వచ్చాక నాకూ రావట్లేదు. షెడ్డులోకి వెళ్తే వస్తోంది!''

కెమెరా చెడిపోలేదు. డీవీఆర్ పాడవలేదు. నెట్ ఆగిపోలేదు. మరి తేడా ఎక్కడ? ఆ ఇంట్లో రూటర్లు రెండున్నాయి. అదీ సంగతి!

రెండోది ఎందుకొచ్చింది?

ఒకప్పుడు పల్లెలో ఇంటర్నెట్ అంటే ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లాల్సిందే. ఆ పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉన్న మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్లు మొదలయ్యాయి. మరుసటేడు డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రాజెక్టుని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అంటూ మొదలైన ప్యాకేజీ అప్పట్లో పెద్ద వార్త. ప్రైవేటు కంపెనీలూ వెనకే వచ్చాయి. కరెంటు స్తంభాల మీదుగా సన్నటి ఫైబర్ తీగ ఇంటింటికీ చేరింది.

ఆ తీగతోపాటు కంపెనీవాళ్లు ఓ డబ్బా బిగిస్తారు. చాలామంది దాన్ని మోడెం అనుకుంటారు. నిజానికి ఈ రోజుల్లో వచ్చే ఆ డబ్బాలో రూటర్ కూడా కలిసే ఉంటుంది. అది హాల్లో ఉంటుంది. దాని వైఫై తోట చివరిదాకా అందదు. దాంతో ఇంటివాళ్లు బజారుకెళ్లి ఇంకో రూటర్ కొంటారు. షెడ్డులో పెట్టి, ఇంట్లోని డబ్బా నుంచి ఓ కేబుల్ లాగుతారు. వైఫై వస్తుంది. అందరూ సంతోషం. ఒక రూటర్ వెనక ఇంకో రూటర్ కూర్చుందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు... బయటి నుంచి లోపలికి రావాల్సిన అవసరం పడేదాకా!

కాపలాదారు ఏం చేస్తాడు?

రూటర్‌ని గేటు దగ్గర కాపలాదారు అనుకోండి. లోపలి నుంచి ఎవరైనా బయటికి వెళ్తే పుస్తకంలో రాసుకుంటాడు. వాళ్ల కోసం జవాబు వస్తే సరిగ్గా వాళ్లకే అందిస్తాడు. మీరు సినిమా పాట అడిగితే పాట మీ ఫోన్‌కే వస్తుంది గానీ పక్కగదిలోని టీవీకి పోదు కదా. అదంతా ఆ పుస్తకం మహిమే. ఈ ఏర్పాటునే సాంకేతిక భాషలో 'నాట్' అంటారు.

అయితే లోపలివాళ్లెవరూ పిలవకుండా బయటి నుంచి ఎవరైనా వస్తే? పుస్తకంలో వాళ్ల పేరుండదు. కాపలాదారు గేటు తీయడు. హైదరాబాద్‌లోని తండ్రి ఫోన్‌కి జరిగిందదే.

ఇంతకీ ఈ కాపలా ఎందుకు పుట్టింది? ఇంటర్నెట్ చిరునామాల కరవు వల్ల. పాత పద్ధతి ఐపీ అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది. ఒక్కో ఇంట్లో నాలుగైదు ఫోన్లు, టీవీ, కెమెరాలు. ఎక్కడ సరిపోతాయి! అందుకే ఇంటి లోపల వాడుకోవడానికి కొన్ని అంకెల్ని విడిగా కేటాయిస్తూ 1996లో ఓ పద్ధతి ఖరారు చేశారు. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి ఆ కోవలోవే. ఇవి ఇంట్లో గదుల నంబర్లలాంటివి. ప్రతి ఇంట్లోనూ అవే ఉండొచ్చు. వీధిలో మాత్రం చెల్లవు. వీధిలో చెల్లే అసలు నంబరు ఇంటి మొత్తానికీ ఒక్కటే. అది గేటు మీద, అంటే రూటర్ దగ్గర ఉంటుంది.

ఇప్పుడు కడియపులంక ఇంటికొద్దాం. అక్కడ రోడ్డు వైపు గేటు దగ్గర ఒక కాపలాదారు, షెడ్డు గేటు దగ్గర ఇంకొకడు. కొడుకు షెడ్డులో ఉన్నప్పుడు రెండో గేటు లోపలే ఉన్నాడు. అందుకే కెమెరా కనిపించింది. ఇంట్లోకి రాగానే మొదటి డబ్బా వైఫైకి మారాడు. అంటే రెండో గేటుకి బయటివాడయ్యాడు. తండ్రికైతే రెండు గేట్లూ అడ్డమే.

చీటీ రాయడమే ఫార్వర్డింగ్

బయటి నుంచి వచ్చేవాళ్లకి దారి చూపడానికి ఓ ఉపాయం ఉంది. కాపలాదారుకి చీటీ రాసివ్వడం. 'ఫలానా నంబరు చెప్పినవాళ్లని ఫలానా గదికి పంపు' అని. ఆ నంబరే పోర్టు. ఒక్కో ఐపీ అడ్రసుకీ 65 వేలకు పైగా పోర్టులుంటాయి. మామూలు వెబ్‌సైట్లకి 80, తాళం గుర్తున్న సైట్లకి 443, కెమెరా వీడియోలకి 554 వాడటం వాడుక. ఆ చీటీ రాయడాన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు.

కాపలాదారు ఒక్కడైతే ఒక్క చీటీ. ఇద్దరుంటే రెండు చీటీలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఉదాహరణకి మొదటి డబ్బా అడ్రసు 192.168.1.1 అనుకుందాం. షెడ్డులోని రూటర్‌కి మొదటి డబ్బా ఇచ్చిన అడ్రసు 192.168.1.50. షెడ్డు రూటర్ తన లోపల 192.168.0 వరుస వాడుతోంది. డీవీఆర్ అడ్రసు 192.168.0.100. డీవీఆర్ వినే పోర్టు 8000. పని లోపలి నుంచి బయటికి చేసుకుంటూ రావడం తేలిక.

ముందుగా డీవీఆర్‌కి అడ్రసు స్థిరం చెయ్యాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దానికి కొత్త నంబరు రావొచ్చు. చీటీలో 100వ గది అని ఉంటుంది, మనిషేమో 103లో కూర్చుంటాడు! షెడ్డు రూటర్ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. అక్కడ డీవీఆర్‌కి ఒకే నంబరు ఖాయం చేయొచ్చు.

రెండో మెట్టు, షెడ్డు రూటర్‌లో చీటీ. 'పోర్ట్ ఫార్వర్డింగ్' అనో, 'వర్చువల్ సర్వర్' అనో మెనూ కనిపిస్తుంది. 8000 అని వచ్చిన వాళ్లని 192.168.0.100కి పంపమని రాయాలి.

మూడో మెట్టు, మొదటి డబ్బాలో షెడ్డు రూటర్‌కి 192.168.1.50 అనే అడ్రసుని స్థిరం చెయ్యాలి. కారణం అదే, కరెంటు పోయి వచ్చినా మారకూడదు.

నాలుగోది, మొదటి డబ్బాలో చీటీ. 8000 అని వచ్చిన వాళ్లని 192.168.1.50కి పంపమనాలి. జాగ్రత్త! ఇక్కడ డీవీఆర్ అడ్రసు రాయకూడదు. మొదటి కాపలాదారుకి షెడ్డు లోపలి గదులు తెలియవు. అతనికి తెలిసింది షెడ్డు గేటు ఒక్కటే. గంటల తరబడి కుస్తీపట్టి విసిగిపోయేవాళ్లలో చాలామంది చేసేది ఈ పొరపాటే.

ఇంకో తిరకాసు. రెండు రూటర్లూ లోపల ఒకే 192.168.1 వరుస వాడుతుంటే గందరగోళం తప్పదు. ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే డోర్ నంబరు ఉన్నట్టు! అప్పుడు షెడ్డు రూటర్ వరుసని మార్చాలి.

చివరిగా పరీక్ష. ఇంటి వైఫైలో ఉండి చూడొద్దు. కొన్ని రూటర్లు లోపలివాళ్లు గేటు చుట్టూ తిరిగి మళ్లీ లోపలికి రావడాన్ని ఒప్పుకోవు. అంతా సరిగ్గా ఉన్నా పనిచేయనట్టే కనిపిస్తుంది. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో చూడాలి.

వీధి చివర మూడోవాడు!

రెండు చీటీలూ సరిగ్గా రాశారు. అయినా తండ్రి ఫోన్‌లో బొమ్మ రాలేదు. ఇప్పుడేం చెయ్యాలి?

మొదటి డబ్బా సెట్టింగుల్లో స్టేటస్ పేజీ తెరవాలి. 'వ్యాన్ ఐపీ' అని ఓ నంబరు ఉంటుంది. దాన్ని రాసుకోవాలి. తర్వాత ఆ ఇంటి నెట్ మీదే గూగుల్‌లో 'నా ఐపీ అడ్రసు' అని వెతికితే కనిపించే నంబరుతో పోల్చాలి. రెండూ ఒకటైతే ఇబ్బంది లేదు. వేర్వేరుగా ఉంటే, అందులోనూ డబ్బాలో కనిపించేది 10తో గానీ, 100.64 నుంచి 100.127 మధ్యలో గానీ మొదలైతే... మూడో కాపలాదారు ఉన్నట్టే!

అతను ఇంట్లో లేడు. నెట్ కంపెనీ దగ్గర ఉన్నాడు. చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయిపోయింది. దాంతో కంపెనీలు ఒకే అసలు చిరునామాని ఎన్నో ఇళ్లకి కలిపి వాడటం పెంచాయి. ఆ పనికోసమే 100.64 వరుసని 2012లో కేటాయించారు. మొబైల్ కంపెనీలే కాదు, ఇళ్లకి ఫైబర్ ఇచ్చే కంపెనీల్లోనూ చాలా వాటిది ఇదే దారి.

గోదావరి రైతుకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చేను గట్టున తూము తన చేతిలో ఉంటుంది. బోదె దగ్గర అడ్డు తీయడమూ తన చేతిలోనే. ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు మాత్రం ఇరిగేషన్ వాళ్ల చేతిలో. అవి వదలకపోతే కింద ఎన్ని తూములు తెరిచినా ఒకటే!

కాబట్టి రూటర్లతో తంటాలు పడేముందే ఈ నంబరు చూసుకోవడం మంచిది. మూడోవాడు ఉన్నాడని తేలితే కంపెనీని అడిగి 'స్టాటిక్ ఐపీ' తీసుకోవచ్చు. దానికి విడిగా డబ్బు కట్టాల్సి రావచ్చు. కొత్త పద్ధతి చిరునామాలు, అంటే ఐపీవీ6 ఉన్నచోట కరవే లేదు. కానీ డీవీఆరూ, రూటరూ, ఫోన్ నెట్‌వర్కూ అన్నీ దాన్ని వాడగలగాలి.

తెరిచిన తలుపు అందరికీ తెరిచినట్టే

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది. తలుపు తెరవడం వచ్చింది సరే. తెరవాలా?

మన చీటీలో '8000 అని చెప్పినవాళ్లని పంపు' అని ఉంది. 'మా నాన్నని పంపు' అని లేదు! హైదరాబాద్ నుంచి తండ్రికి తెరుచుకునే తలుపు, ప్రపంచంలో ఏ మూల నుంచి తట్టినా తెరుచుకుంటుంది. ఆ తర్వాత అడ్డుపడేది డీవీఆర్ పాస్‌వర్డు ఒక్కటే. అది కంపెనీ ఇచ్చిన 'అడ్మిన్', '12345' అయితే?

2016లో ప్రపంచానికి ఈ పాఠం గట్టిగానే తెలిసొచ్చింది. 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రాం ఇంటర్నెట్ అంతా తిరుగుతూ కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్ల తలుపులు తట్టింది. దానిదగ్గర ఉన్నదల్లా ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డుల జాబితా. అరవై పైచిలుకు జతలు, అంతే! వాటితోనే లక్షల పరికరాలు లొంగిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలతో 'డైన్' అనే అమెరికన్ సంస్థ మీద దాడి జరిగింది. ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. మిరాయ్‌ని తయారుచేసింది ముగ్గురు కుర్రాళ్లు. 2017లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. ఆ పరికరాల యజమానుల్లో చాలామందికి తమ కెమెరా ఇలాంటి పని చేస్తోందని తెలియనే తెలియదు. బొమ్మ మామూలుగా వస్తూనే ఉంటుంది కదా!

'మాది పల్లెటూరు. మా కెమెరా ఎవరికి కావాలి?' అనుకోవడానికి లేదు. తలుపు తట్టేది మనిషి కాదు, ప్రోగ్రాం. దానికి కడియం అయినా ఒకటే, కాలిఫోర్నియా అయినా ఒకటే. ఒక పోర్టు ఎక్కడెక్కడ తెరిచి ఉందో పాత పద్ధతి చిరునామాలన్నీ వెతకడానికి ఒక్క కంప్యూటర్, మంచి నెట్ కనెక్షన్ ఉంటే ముప్పావుగంట చాలని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లోనే చేసి చూపించారు. 8000కి బదులు ఇంకో నంబరు పెట్టుకుంటే తాకిడి కాస్త తగ్గుతుంది. తలుపు మాత్రం దాగదు.

ఎవరూ అడగకుండానే తలుపులు తెరిచే సదుపాయం కూడా చాలా రూటర్లలో ఉంటుంది. దానిపేరు 'యూపీఎన్‌పీ'. లోపలి పరికరం అడిగితే చాలు, రూటర్ తనంతట తానే చీటీ రాసేసుకుంటుంది. అవసరం లేకపోతే దాన్ని ఆపేయడం మంచిది.

మన ప్రభుత్వమూ కళ్లు తెరిచింది. సీసీ కెమెరాల భద్రతకి కొన్ని నిబంధనలు పెట్టి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్షలు తప్పనిసరి చేసింది. 2025 ఏప్రిల్ నుంచి అవి అమల్లోకొచ్చాయి. అంతకుముందు కొన్న కెమెరాలు మాత్రం లక్షల గోడలకి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

ఒక కాపలాదారుని తగ్గించండి!

ఇక అసలు సలహా. రెండు చీటీలు రాసేముందు, రెండో కాపలాదారు నిజంగా కావాలా అని అడగండి. షెడ్డు రూటర్‌ని కొన్నది వైఫై కోసమే కదా. కాపలా ఉద్యోగం మాన్పించి, వైఫై పని ఒక్కటే చేయిస్తే సరి. చాలా రూటర్లలో 'యాక్సెస్ పాయింట్ మోడ్' అని ఉంటుంది. అది నొక్కితే చాలు. లేకపోతే షెడ్డు రూటర్ అడ్రసుని 192.168.1.2గా మార్చి, అడ్రసులు పంచే 'డీహెచ్‌సీపీ'ని ఆపి, కేబుల్‌ని వ్యాన్ రంధ్రంలోంచి తీసి ల్యాన్ రంధ్రంలో పెట్టాలి. దాంతో ఇల్లూ షెడ్డూ ఒకే గేటు లోపలికి వస్తాయి. కొడుక్కి హాల్లోనూ కెమెరా కనిపిస్తుంది. ప్రింటర్ అయినా, టీవీ అయినా ఎక్కడి నుంచైనా పనిచేస్తాయి. ఇంటి వరకూ ఒక్క చీటీ కూడా అక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి చూడటానికి రెండు దారులున్నాయి. ఒకటి, కెమెరా కంపెనీ ఇచ్చే యాప్. ఇందులో డీవీఆరే బయటికి ఫోన్ చేసి కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతుంది. లోపలివాడు పిలిచాడు కాబట్టి ఏ కాపలాదారూ అడ్డుపడడు. ముగ్గురున్నా ఫర్వాలేదు. తలుపు తెరిచే పనే లేదు. అయితే ఇంటి కెమెరా విషయంలో ఆ కంపెనీని నమ్మాల్సి వస్తుంది. రెండోది వీపీఎన్. 'వైర్‌గార్డ్' లాంటివి రూటర్‌లోనే ఉంటే వాటికోసం ఒక్క తలుపు తెరిస్తే చాలు. తాళంచెవి ఉన్న ఫోన్‌కి తప్ప అది జవాబే ఇవ్వదు. లోపలికొచ్చాక ఇంట్లో కూర్చున్నట్టే. దీనికి మాత్రం అసలు చిరునామా ఉండాలి.

ఇద్దరు కాపలాదారులు ఉండటం మంచిదయ్యే సందర్భమూ లేకపోలేదు. కెమెరాలు మొదటి డబ్బాకి, ఇంటిల్లిపాది ఫోన్లూ కంప్యూటర్లూ రెండో రూటర్‌కి పెట్టుకుంటే, కెమెరా ఎవరికైనా చిక్కినా బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌కి ఇంకో గేటు అడ్డుంటుంది. అప్పుడు బయటికి దారి ఇవ్వాల్సి వచ్చినా మొదటి డబ్బాలో ఒక్క చీటీయే సరిపోతుంది.

ఏ దారిలో వెళ్లినా నాలుగు పనులు మరవొద్దు. డీవీఆర్‌కీ, రెండు రూటర్లకీ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చాలి. వాటి సాఫ్ట్‌వేర్‌కి కొత్త అప్‌డేట్ వస్తే వేసుకోవాలి. అవసరం తీరిన చీటీని చించెయ్యాలి. ఇక, ఏ కెమెరా ఎటు చూస్తోందో ఇంట్లో అందరికీ తెలియాలి. తోటని చూడాల్సిన కెమెరా స్నానాల గది దారినీ, ఆడవాళ్లు కూర్చునే అరుగునీ చూస్తుంటే ముందు దాని మెడ తిప్పాలి. దానికి ఏ సెట్టింగూ అక్కర్లేదు, నిచ్చెన చాలు.

కడియపులంక ఇంట్లో చివరికి అదే చేశారు. షెడ్డు రూటర్‌కి కాపలా పని మాన్పించారు. పాస్‌వర్డులు మార్చి, కంపెనీ యాప్ పెట్టుకున్నారు. అరుగు వైపున్న కెమెరాని తల్లి దగ్గరుండి తోటవైపు తిప్పించింది. మొత్తం పని గంటలోపే.

రాత్రి మేళా కట్టేశాక తండ్రి ఫోన్ తీశాడు. ఈసారి తోట కనిపించింది. వరసగా కుండీలు. కాసేపు చూసి ఇంటికి ఫోన్ కలిపాడు.

''ఒరేయ్, మూడో వరస దగ్గర షేడ్‌నెట్ ఊడి వేలాడుతోంది. తెల్లారేసరికి కట్టించు. లేకపోతే ఎండకి మాడిపోతాయి.''

''కనబడిందా నాన్నా?''

''ఊ. కనబడింది.''